కాశీలో వదిలేసినది

వారణాసి,
జ్యేష్ఠ మాసం

హారతీ, నీకూ ఫణికీ ఆశీస్సులు. నా బంగారు హైమకి ఒక ముద్దు ఎక్కువ.

క్షేమంగా చేరాను. రైల్లో పక్క బెర్తు ఆవిడది గుంటూరు. దారి పొడుగునా కోడలి మీద చెబుతూనే ఉంది. మర్యాదకి నేను కూడా నా కోడలి మీద ఏదో ఒకటి చెప్పాలి కదా, పప్పులో ఉప్పు తక్కువ వేస్తుందని చెప్పి ఊరుకున్నాను. ఆవిడకి అది చాల్లేదు.

సత్రం మన తెలుగువాళ్ళదే. కిటికీ తెరిస్తే ఎదురుగోడ, గోడమీద కోతులు. మెట్లు మోకాళ్ళ ప్రాణం తీస్తున్నాయి. గదిలో నాతోపాటు అనసూయమ్మ అని రాజమండ్రి ఆవిడ ఉంది. ఆవిడా తొమ్మిది నెలల కాశీవాసానికే వచ్చింది. తల్లి కడుపులో ఉన్నన్నాళ్ళు ఈ ఊళ్ళో ఉంటే ఇంక మళ్ళీ పుట్టక్కర్లేదంటారు, దానికోసం. నేను అందుకు రాలేదని నీకు తెలుసు. నేను మళ్ళీ పుట్టినా నాకేం ఇబ్బంది లేదు. ఆరేళ్ళ పిల్ల నేలమీద పడి కొట్టుకోవడం ఆగితే నాకు చాలు.

ఊరి పొలిమేర దాటకూడదు, ఒంటిపూట భోజనం చెయ్యాలి. ఫోను ముట్టకూడదన్నది మాత్రం నా అంతట నేను పెట్టుకున్న నియమం. చేతిలో ఫోను ఉంటే గంటకోసారి హైమ ఎలా ఉందని నిన్ను పీక్కు తినేదాన్ని. కాబట్టి ఉత్తరాలే. పోస్టాఫీసు ఎక్కడుందో తెలీదని ఫణి నసుగుతాడు, నారాయణగూడలో అడగమను, నోరుంది కదా.

ఇంకో మాట. దీక్షలో ఉన్నవాళ్ళకి అశుభం రాయకూడదు. మా అత్తగారు కాశీలో ఉండగా ఆవిడ తమ్ముడు పోతే, తిరిగొచ్చాకే చెప్పారు. అలాగని నువ్వు కథలు అల్లక్కర్లేదు. హైమ బాగుంటే బాగుందని రాయి. బాగాలేకపోతే దాని ఊసెత్తకుండా మిగతావి రాయి. నేనే అర్థం చేసుకుని ఆ పూట ఇంకాస్త ఎక్కువ సేపు గుళ్ళో కూర్చుంటాను.

మందులు మీ పని, మొక్కు నా పని అని బయల్దేరేటప్పుడు అనుకున్నాం. సిరప్ ఒక్క పూట కూడా మానొద్దు. సాయంత్రం దీపం కూడా మానొద్దు.

కాశీ వచ్చినవాళ్ళు తమకి ఇష్టమైన పండో కాయో ఇక్కడ గంగలో వదిలెయ్యాలి కదా, ఇంక జన్మలో ముట్టకుండా. అనసూయమ్మ కాకరకాయ వదులుతానంటోంది. ఆవిడకి కాకరకాయ పొడ గిట్టదు. దేవుడు కనిపెట్టలేడని ధీమా. నన్నేం వదలమంటుందో హైమని అడిగి రాయి.

మీ అత్తయ్య,
బాలత్రిపురసుందరి


చిక్కడపల్లి,
జులై

అత్తయ్యగారికి నమస్కారం.

హైమ బాగుంది. ఫిట్స్ రాలేదు.

మిమ్మల్ని వంకాయ వదిలెయ్యమంది. మీరు మానేస్తే ఇంట్లో వంకాయ వండడం ఆగిపోతుందని దాని ఎత్తు. "అది నాకు నాన్నమ్మ చెప్పకపోయినా తెలుసు" అని కూడా రాయమంది, ఏది తెలుసో చెప్పలేదు.

వర్షాలు బాగా పడుతున్నాయి. మన సందులోకి నీళ్ళొచ్చాయి. ఆశమ్మ రాంనగర్ నుంచి మోకాళ్ళ దాకా తడిసి వస్తోంది. అంట్లు తోముతూ రోజూ మీ గురించే అడుగుతోంది. "పెద్దమ్మ గంగల మునిగినప్పుడు నా బిడ్డ పేరు గూడ జర జెప్పుమను. గ్రూప్ ఫోర్ రాసింది" అంది. చెప్పండి.

హైమని ఈ వారం స్కూలుకి పంపలేదు. వర్షాలు కదా. అన్నం తింటూ నాలుక కొరుక్కుంది, బాగా వాచింది, అందుకని పెరుగన్నం పెడుతున్నాను. నిద్ర కాస్త ఎక్కువగా పోతోంది.

ఫణికి ఆఫీసు దూరం కాబట్టి పొద్దున్నే వెళ్ళిపోతున్నారు. పగలంతా నేనూ హైమే.

దీపం పెడుతున్నాను. మీరు చెప్పిన స్తోత్రం చదువుతున్నాను. చదివాక ఏం అడగాలో గుర్తురావడంలేదు, కాసేపు కూర్చుని లేచిపోతున్నాను. అలా చేసినా ఫలితం ఉంటుందా?

హారతి


వారణాసి,
శ్రావణం

హారతీ,

నీ ఉత్తరం చదివి అనసూయమ్మకి చదివి వినిపించి మళ్ళీ నేను చదువుకున్నాను. "ఫిట్స్ రాలేదు" అన్న ముక్కని ఆవిడ చేత రెండుసార్లు చదివించుకున్నాను, నా కళ్ళద్దాల మీద నాకు నమ్మకం లేక.

నాలుక కొరుక్కుందంటే ఎవరో తిట్టుకుంటున్నారన్నమాట. ఆ స్కూలు టీచరే అయ్యుంటుంది. తేనె రాయి.

ఫలితం ఉంటుందా అని అడిగావు. అడగడం గుర్తురాకపోతే నష్టమేమీ లేదు. నేను ఇక్కడ ఇద్దరికీ సరిపడా అడుగుతున్నాను. పొద్దున చీకట్లోనే లేచి గంగస్నానం, అక్కణ్ణించి గుడి. క్యూలో తోసుకుంటారు, తొక్కుతారు. నేను కూడా తోస్తున్నాను. చిక్కడపల్లిలో కూరగాయల బండి దగ్గర నేర్చిన విద్య ఊరికే పోతుందా.

మీ మామయ్యగారు ఉంటే, సుందరరావు భార్య కాశీలో జనాన్ని తోస్తోందని ఊరంతా చెప్పుకుని నవ్వేవారు. ఆయన గుర్తొచ్చి నిన్న మెట్లమీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

దీంతో విభూతీ కాశీదారమూ పంపుతున్నాను. దారం హైమ కుడిచేతికి కట్టు. ఎడమచేతికి కాదు, ఆ చెయ్యితో అది అన్నీ పీకుతుంది. తెల్లవారి లేచి ఆ దారం చూసుకుంటే నన్ను చూసినట్టే అని చెప్పు.

ఇంతకన్నా మంచి ఉత్తరం నాకు ఈ మధ్యకాలంలో రాలేదే అమ్మా. ఇలాంటివే రాస్తూ ఉండు.

అత్తయ్య


చిక్కడపల్లి,
సెప్టెంబరు

అత్తయ్యగారికి నమస్కారం.

హైమ బాగుంది.

జవాబు ఆలస్యమైంది. కొన్నాళ్ళు మేం ఇంట్లో లేము. పని పడింది.

దారం తెగిపోయింది. వీలుంటే ఇంకొకటి పంపండి.

హైమ కాస్త సన్నబడింది, పొడుగవుతోంది కదా. మాటలు కూడా కాస్త తగ్గించింది. ఆశమ్మ దిష్టి తీసింది. గాంధీనగర్‌లో నా ఫ్రెండు మాధురి వాళ్ళు వినాయకుణ్ణి పెట్టారు, పిలిచారు, వెళ్ళలేదు.

దీపం పెడుతున్నాను.

హారతి


వారణాసి,
ఆశ్వయుజం, నవరాత్రులయ్యాక

హారతీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. ఫణిని కూడా పక్కన కూర్చోబెట్టుకో. అశుభం కాదు, కంగారుపడకు.

నేను వచ్చాక నువ్వు రాసిన ఉత్తరాలన్నిటిలోనూ హైమ బాగుందనే ఉంది. మొదట్లో నాకు పూర్తిగా నమ్మకం కలగలేదు, నన్ను ఊరడించడానికి రాశావేమో అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, నేను నిన్ను అబద్ధం రాయమనలేదు, బాగాలేకపోతే ఊరుకోమన్నాను. నువ్వు ఊరుకోకుండా బాగుందని రాశావు. పెళ్ళిచూపుల్లో వంట వచ్చా అని అడిగితే రాదని మొహంమీద చెప్పిన పిల్లవి నువ్వు, నీకు అబద్ధాలు చేతకావు. కాబట్టి ఇది నిజమే అని తేల్చుకున్నాను.

ఇన్నేళ్ళూ దేవుడికి, నువ్వు ఇస్తే నేను ఇస్తానని మొక్కుకున్నాను. ఈసారి ఆయన ముందే ఇచ్చేశాడు. ఇంక నేను కూర్చుని లెక్కలు చూస్తే బాగుండదు.

మొన్న గంగలో నడుములోతు నీళ్ళలో నిలబడ్డాను. సంకల్పం చెప్పించే శాస్త్రిగారు "ఏం వదులుతున్నారమ్మా, పండా కాయా?" అన్నారు. "మనవరాలు" అన్నాను. ఆయన మంత్రం ఆపేశారు. "అలా అనకూడదు తల్లీ, మామిడిపండని చెప్పండి" అన్నారు. "షుగరు వచ్చిందని మామిడిపండు డాక్టరే మాన్పించాడు, మానేసినదాన్ని వదిలితే వదిలినట్టా?" అన్నాను. ఇష్టమైనదాన్ని కదా వదలమన్నది. ఈ భూమ్మీద నాకు ఇష్టమైనది ఒక్కటే ఉంది. దోసిట్లో నీళ్ళు తీసుకుని దాని పేరు చెప్పి వదిలేశాను.

వదిలింది మళ్ళీ ముట్టకూడదు. అందుకని తొమ్మిది నెలలయ్యాక కూడా నేను ఆ ఇంటికి రాను. సత్రంలో వంటిల్లు చూసుకుంటూ ఇక్కడే ఉంటాను. మేనేజరు ఒప్పుకున్నాడు. మీరు దాన్ని ఇక్కడికి తీసుకురావద్దు, ఫోటోలు పంపొద్దు. అప్పుడప్పుడు బాగుంది అని ఒక్క ముక్క రాస్తే చాలు. నా గది హాస్టల్ పిల్లలకి కిరాయికి ఇచ్చెయ్యండి. పక్కన అశోక్‌నగర్‌లో కోచింగ్‌కి వచ్చి మంచం దొరక్క ఎంతమంది పుస్తకాల సంచులతో తిరుగుతున్నారో మనం చూస్తూనే ఉన్నాం.

హైమకి ఏం చెప్పాలో నువ్వే చూసుకో. నీకు నాకన్నా బాగా చెప్పడం వచ్చు.

నువ్వు ఏడవక్కర్లేదు. ఆ పని నేను ఇక్కడ పూర్తిచేశాను.

అత్తయ్య


చిక్కడపల్లి,
అక్టోబరు చివర

అత్తయ్యగారికి,

హైమ బాగాలేదు.

మీరు వెళ్ళాక ఎప్పుడూ బాగాలేదు. మీరు రైలెక్కిన వారంలోనే ఫిట్ వచ్చింది. జులైలో నాలుక కొరుక్కున్నది అన్నం తింటూ కాదు. స్కూలుకి పంపనిది వర్షాల వల్ల కాదు. మీ మొదటి ఉత్తరానికి నేను జవాబు రాసేసరికే ఆ సంగతులన్నీ జరిగిపోయాయి.

బాగాలేకపోతే ఊసెత్తొద్దన్నారు. ఊసెత్తకపోతే మీకు తెలిసిపోతుంది. అందుకని బాగుంది అని రాశాను. ఒకసారి రాశాక మళ్ళీ రాయడం కష్టం కాలేదు.

సెప్టెంబరులో మేం ఇంట్లో లేమని రాశాను కదా. ఆస్పత్రిలో ఉన్నాం. హైమకి క్లాసులో వచ్చింది. స్కూలువాళ్ళు ఫోన్ చేస్తే, ఆటో ఎక్కితే సిగ్నల్ దగ్గర ఆగిపోతుందని ఇక్కణ్ణించి అశోక్‌నగర్‌లో స్కూలు దాకా పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి ఇంకా ఆగలేదు. ముక్కులో కొట్టే స్ప్రే కొట్టాను. అయినా ఆగలేదు. పిల్లలందర్నీ గోడవైపు తిప్పి నిలబెట్టారు. టీచరు "మేడం, మేమందరం పరేషాన్ అయినం, మీరు ముందే చెప్పాలె గద" అంటూనే ఉంది. ముందే చెప్పాను, చీటీ కూడా రాసిచ్చాను. ఆ మాట అప్పుడు అనలేదు.

ఐసీయూలో గొట్టం వేశారు. చేతికి సూది పెట్టడానికి నర్సు మీరు పంపిన దారం కత్తెరతో కత్తిరించింది. నేను వద్దనలేదు. కింద పడితే తీసుకుని పర్సులో పెట్టుకున్నాను. తెగిపోయిందని మీకు రాశాను, అది ఒక్కటీ కాస్త నిజం.

నాకు ఏడుపు రాలేదు. బయట బల్లమీద కూర్చుని, ఇంట్లో పెసరపప్పు నానబోసి వచ్చాను, ఈపాటికి పులిసిపోయి ఉంటుంది అనుకున్నాను. చాలాసేపు ఆ పప్పు గురించే ఆలోచించాను. ఇప్పటికీ అలాగే ఉంది. అన్నీ చేస్తున్నాను. మందు పోస్తాను, దీపం పెడతాను, ఫిట్ వస్తే పక్కన కూర్చుంటాను, అయ్యాక తడిసిన బట్టలు మారుస్తాను. లోపల ఏమీ లేదు. దంతాల డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ రోజు ఫణి సత్రం మేనేజరుకి ఫోన్ చెయ్యబోయారు. నేను ఫోను లాక్కున్నాను. అమ్మ దీక్ష పాడవుతుందన్నాను. అది సగమే నిజం. మన ఇంట్లో నమ్మేవాళ్ళు ఒక్కరైనా మిగలాలనిపించింది. మీరు అక్కడ నమ్ముతున్నారనుకుంటే నాకు ఇక్కడ నమ్మాల్సిన పని తప్పుతుంది.

దానికి ఫలితం ఇలా వస్తుందని ఎవరనుకున్నారు? నేను రాసిన అబద్ధానికి మీరు హైమని ఇచ్చేశారు.

మందు మార్చారు. నారాయణగూడ డాక్టరుగారు పెద్దయ్యాక తగ్గొచ్చన్నారు, తగ్గకపోవచ్చు కూడా అన్నారు. ఆస్పత్రి నుంచి వచ్చాక హైమ కొన్ని మాటలు వెతుక్కుంటోంది. మొన్న దువ్వెన పేరు గుర్తురాక తల చూపించింది. మీ పేరు మాత్రం వెతుక్కోదు. ఫిట్ అయి నిద్రలేవగానే "నాన్నమ్మేది?" అనే అడుగుతుంది.

మీరు రావాలి. నాకు కావాలి. మీరు ఉన్నప్పుడు నేను తలుపు గడియపెట్టుకుని స్నానం చేసేదాన్ని. ఇప్పుడు తలుపు తెరిచి, కొళాయి ఆపి ఆపి వింటూ పోసుకుంటున్నాను. ఇది అడగడానికి సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను.

మీరు ఏ నమ్మకం మీద వదిలారో అది జరగలేదు. కాబట్టి వదిలినట్టు కాదు. గది ఎవరికీ ఇవ్వలేదు.

హారతి


వారణాసి

హారతికి,

నీ ఉత్తరం అందింది.

నేను రోజూ వెళ్ళి ఆయనకి దణ్ణం పెట్టి, బిడ్డని కాపాడావు తండ్రీ అని చెప్పి వచ్చాను. దాని ఒంట్లో గొట్టాలున్న రోజు కూడా చెప్పి వచ్చానన్నమాట. ఆ రోజుల్లోనే గుళ్ళో ప్రసాదం పంచాను. పిల్లలకి పంచాను. ఇప్పుడు వాళ్ళ మొహాలు కళ్ళముందు తిరుగుతున్నాయి.

నాకు నీమీద చాలా కోపంగా ఉంది. అశుభం రాయొద్దన్నది నేనే, ఆ మాట నాకు గుర్తుచెయ్యకు, గుర్తుంది. అయినా కోపంగానే ఉంది.

శాస్త్రిగారిని అడిగాను. కోరినది జరగకపోయినా, వదిలినది వదిలినట్టేనా అని. ఆయన, గంగలో చెప్పిన మాట వెనక్కి రాదమ్మా అన్నారు.

నువ్వు రమ్మని సులువుగా రాశావు. నేను వచ్చాననుకో. మర్నాడే దానికి ఫిట్ వస్తుందనుకో. నాన్నమ్మ మాట తప్పింది కాబట్టి వచ్చిందని నేననుకుంటాను. నువ్వు పైకి అనవు. ఫణి అనడు. కానీ మీ ఇద్దరూ నావైపు చూడకుండా ఉంటారు, అది నాకు తెలిసిపోతుంది. ఇంక ఆ తర్వాత వచ్చే ప్రతిదానికీ కారణం నేనే అవుతాను. నేను చేసిన తప్పుకి ఆరేళ్ళ పిల్ల కొట్టుకుంటుంటే చూస్తూ ఆ ఇంట్లో తిరగడం నా వల్ల కాదు.

అందుకని రాను. ఇంక ఉత్తరాలు రాయకు.

బాలత్రిపురసుందరి


చిక్కడపల్లి,
నవంబరు

అత్తయ్యగారికి,

రాయొద్దన్నారు. రాస్తున్నాను.

మొన్న హైమని నారాయణగూడ మార్కెట్‌కి తీసుకెళ్ళాను. ఆశమ్మ కూడా వచ్చింది. చిక్కుళ్ళ కుప్ప దగ్గర హైమ పడిపోయింది. ఎలా పడుతుందో మీకు తెలుసు, ముందు మెడ ఒక పక్కకి తిరుగుతుంది. జనం మూగారు. ఒకాయన దాని చేతిలో తాళంచెవులు పెట్టాడు. ఇంకొకావిడ ఉల్లిపాయ తెచ్చింది. ఎవరో "ఏం పాపం జేసిండ్రో ఏందో" అన్నారు. ఆశమ్మ కూరగాయల సంచి కింద పడేసి "పాపమా? చిన్న పిల్లమ్మా గది! జరుగుండ్రి, గాలి రానియ్యుండ్రి" అని అందర్నీ వెనక్కి తోసింది. నేను హైమని తిప్పి పడుకోబెట్టి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆగింది. కూరగాయల ఆవిడ పైకి లేచి తను కూర్చున్న గోనెపట్టా ఇచ్చింది, దానిమీద పడుకోబెట్టాం.

ఏం పాపం చేశారో అన్న మాట నాకు కొత్తగా అనిపించలేదు. మీ ఉత్తరంలో అదే ఉంది. మీరు మీ మీద వేసుకున్నారు, అంతే తేడా.

మీరు వస్తే హైమకి ఫిట్ వస్తుందేమో అని రాశారు. వస్తుంది అత్తయ్యా. వచ్చిన మర్నాడు కాకపోతే ఆ మర్నాడు వస్తుంది. మీరు రాకపోయినా వస్తుంది. మీరు అక్కడ ఒంటిపూట తిన్నప్పుడు వచ్చింది, గంగలో మునిగినప్పుడు వచ్చింది, నేను దీపం పెట్టిన రోజు వచ్చింది, దీపం పెట్టడం మరిచిపోయిన రోజు రాలేదు. నేను ఎంత కలిపి చూసినా ఏమీ కలవలేదు.

దేవుడు మాట తప్పాడని నాకు అనిపించడంలేదు. ఆయన మనకి మాట ఇచ్చినట్టు నాకు గుర్తులేదు. మీరే అడిగారు, ఇచ్చాడని నేను రాశాను. మధ్యలో ఆయన్ని ఎవరూ సంప్రదించలేదు.

మీ వైపు చూడకుండా ఉంటానని రాశారు. చూస్తాను. ఇప్పుడే మాటిస్తున్నాను. ఫిట్ వచ్చిన ప్రతిసారీ మీ మొహంలోకి చూసి, మీ వల్ల కాదు అని చెబుతాను. మీకు విసుగు పుట్టేదాకా చెబుతాను.

ఫిట్ వచ్చినప్పుడల్లా మీరు దేవుడి గదిలోకి వెళ్ళేవారు, నేను హైమ దగ్గరికి. అప్పుడు నాకు కోపం రాలేదు. అక్కడ కూడా ఎవరో ఒకరు ఉండాలి కదా అనుకునేదాన్ని. ఇప్పుడు నాకు అక్కడ మనిషి అక్కర్లేదు. ఇక్కడ కావాలి, ఈ గచ్చు మీద, నా పక్కన. చెయ్యాల్సింది కూడా పెద్దగా ఏమీ లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, అయ్యేదాకా కూర్చోవడమే. ఒక్కదాన్నే కూర్చుని కూర్చుని నేను రాయినైపోతున్నాను. రాయి దగ్గర పిల్ల పెరగకూడదు.

ఒక సంగతి రాయకూడదనుకున్నాను. మీ ఉత్తరం వచ్చిన రోజు ఫణీ నేనూ మాట్లాడుకుంటుంటే హైమ వింది. వదిలేసింది అన్న మాట వింది. నిన్న జడ వేస్తుంటే అద్దంలో నన్ను చూస్తూ, "నాకు ఫిట్స్ వస్తాయని నాన్నమ్మ నన్ను వదిలేసిందా?" అని అడిగింది.

ఏం చెప్పినా అది నమ్మదు, నేను బాగా అబద్ధాలు చెబుతానని ఇప్పుడు దానికీ తెలుసు. మీరే వచ్చి చెప్పండి.

హారతి


వారణాసి,
కార్తీకం

హారతీ,

ఆ జడ దగ్గర మాట చదివాక చివరి రెండు ముక్కలూ రెండు రోజుల దాకా చదవలేదు.

అది ఆరోగ్యంగా ఉండాలని దాన్ని వదిలాను. దానికి మాత్రం, ఆరోగ్యం లేదని వదిలేసినట్టు చేరింది. నా అంత తెలివైనదాన్ని నేను ఎక్కడా చూడలేదు.

నిన్న సాయంత్రం గుడికి వెళ్ళాను. కార్తీకమాసం, కాలు పెట్టే సందు లేదు. ఈసారి నేను ఎవర్నీ తొయ్యలేదు, వాళ్ళే తోసుకుంటూ తీసుకెళ్ళి ఆయన ముందు పడేశారు. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను అని చెప్పాను. కోపం వస్తే నామీద చూపించు, నేను పెద్దదాన్ని, దాని జోలికి వెళ్ళకు అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ మాత్రం మాట్లాడాడా, ఇద్దరి మాటలూ నేనే మాట్లాడుతూ వచ్చాను. ఇంకా ఏదో అడుగుదామని నోటిదాకా వచ్చింది. పోలీసు "చలియే మాతాజీ" అని భుజం పట్టుకుని పక్కకి జరిపేశాడు.

శాస్త్రిగారికి చెబితే నొచ్చుకున్నారు. నెలలు నిండకుండా వెళితే చేసినదంతా వృథా అన్నారు. అనసూయమ్మ మూట కట్టడానికి సాయం చేస్తూ ఏడుస్తోంది. నాకు భయంగా ఉంది హారతీ. దాచను. రైలు పొలిమేర దాటేటప్పుడు కళ్ళు మూసుకుంటాను. నాకు ఇప్పటికీ నమ్మకం పోలేదు, పోయి ఉంటే ఈ ప్రయాణం సుఖంగా ఉండేది. నావల్లే వస్తోందని నేను అనుకోవడం ఒక్కరోజులో మానలేను. నువ్వు చెబుతానన్నావు కదా, చెబుతూ ఉండు. నాకు అంత తొందరగా విసుగు పుట్టదు.

హైమకి నేను వస్తున్నానని చెప్పు. ఎందుకు వెళ్ళానో నేనే చెప్పుకుంటాను, అది కోప్పడితే పడతాను.

పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టాలని రాశావు. ఏ పక్కకో రాయలేదు. నాకు తెలీదు. గుమ్మంలోకి రాగానే ముందు అది నేర్పు, కాళ్ళు తర్వాత కడుక్కుంటాను.

అత్తయ్య